తీగలక్క పొద్దుటి స్వరం

ఒకప్పుడు ఒక మహానగరం మొత్తం ఒక ఆడమనిషి బొటనవేలి గోటికి లొంగి మోగింది. పొద్దున్నే ఆవిడ గోరు కదిపితే తప్ప బళ్లో గంట కొట్టేవాళ్లు కాదు, రైళ్లు కూత వేసేవి కావు, కోళ్లు సైతం గొంతు సవరించుకుని కాచుకుని కూర్చునేవి.

కొంచెం ఎక్కువైనట్టుంది. రైళ్లను తీసేద్దాం. బడిగంట కూడా అనుమానమే. మహానగరాన్ని ఒక్క వీధికి కుదించుకుందాం, అదీ ఇరుకు వీధి, రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకడు దిగి నడవాల్సినంత. గోరు మాత్రం నిజం. అందులో రవ్వంత కూడా తగ్గించేది లేదు.

ఆ వీధి నిండా గిటారు షాపులు. గుమ్మాల పైన గిటార్లు, గోడల మీద గిటార్లు, కప్పు నుంచి తలకిందులుగా వేలాడే గిటార్లు. పొడుగాటి మనిషి లోపలికి వస్తే నాలుగడుగులకు ఒకసారి నెత్తి మీద ఏదో ఒక తీగ మోగేది. ఇన్ని షాపుల మధ్య, మెట్ల కింద మిగిలిన జాగాలో ఒక చిన్న కొట్టు ఉండేది. అందులో గిటార్లు అమ్మరు. తెగిన తీగలు మార్చడం, వంగిన మెడలు నిటారు చేయడం, తీగల కింద ఊడిపోయిన బ్రిడ్జి చెక్క అతికించి పైన ఇటుకరాయి పెట్టి ఆరబెట్టడం, ఇదే పని. ఆ పని చేసే ఆవిడను అందరూ తీగలక్క అనేవాళ్లు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. మొదట్లో ఆవిడకు కోపం వచ్చేది, తర్వాత తర్వాత అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూసేది.

గిటారు కొనేవాడి చెవిని మోసం చేయడం బహు తేలిక. రెండు గిటార్లు పక్కపక్కన మోగిస్తే, తీగలు కాస్త ఎక్కువ బిగించినదే హుషారుగా వినిపిస్తుంది. ఈ కిటుకు వీధిలో ఎవడో ఒకడు కనిపెట్టాడు. మర్నాడు పక్కవాడు ఇంకొంచెం బిగించాడు. ఎదుటివాడు ఊరుకుంటాడా? కొన్నాళ్లకు వీధి వీధంతా పీక పిసికినట్టు కీచుమనడం మొదలుపెట్టింది. తీగలు ఫట్టుమని తెగి కొనేవాళ్ల ముక్కుల మీద వాతలు పెడుతున్నాయి. చివరికి షాపుల వాళ్లంతా కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. గిటార్లు అమ్మని మనిషి ఎవరైనా పొద్దున్నే ఐదో తీగ మోగించాలి. అందరూ తమ గిటార్లను ఆ స్వరానికే కలుపుకోవాలి. మధ్యలో ఎవడైనా దొంగతనంగా బిగిస్తే వాడితో ఎవరూ టీ తాగకూడదు.

అమ్మని మనిషి అంటే తీగలక్క మామగారొక్కడే. ఆయన తర్వాత ఆయన పెద్దకొడుకు. ఆ పెద్దకొడుకు కూడా పోయాక అతని భార్య, అంటే తీగలక్క.

పొద్దున్నే షట్టర్లు లేచాక, వీధిలో బళ్ల రొద మొదలవకముందు, ఆవిడ గుమ్మంలో ఎత్తుపీట వేసుకుని కూర్చునేది. ఎప్పుడు కొట్టినా ఒకే స్వరం పలికే రెండు కాళ్ల ఉక్కు ఫోర్కును మోకాలికి తాటించి, దాని తోకను పాత గిటారు పొట్ట మీద ఆనించేది. ఆ మోతకు ఐదో తీగను కలిపి, బొటనవేలి గోటితో మీటేది. ఎదురుగా పెద్దషాపులోంచి జవాబు వచ్చేది. దాన్ని పక్కవాడు అందుకునేవాడు, వాడి నుంచి ఆ పక్కవాడు. అలా ఆ స్వరం వీధి చివరిదాకా నడిచి వెళ్లి, మలుపు దగ్గర తిరిగి, అవతలి వరసలోంచి ఆవిడ దగ్గరికి వచ్చేది. వచ్చేసరికి కొట్టులో గోడకు వేలాడుతున్న గిటార్లు ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా ఊగి పలికేవి. ఆవిడ అప్పుడు లేచి లోపలికి వెళ్లి పని మొదలుపెట్టేది. ఇంట్లో పలకరించే మనిషి లేదు, పిల్లలు లేరు. రోజు మొత్తంలో ఆవిడను "ఉన్నావా?" అని అడిగి, "ఉన్నాను" అనిపించుకునేది ఆ కాసేపే.

ఎదురు పెద్దషాపు ఆవిడ మరిదిది. భర్త పోయిన కొత్తలో అతను కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పకుండానే ఒక మాట అన్నాడు.

"వదినా, ఇది మూసెయ్. నా షాపులో ఒక మూల కుర్చీ వేయిస్తాను. పని కుర్రాళ్లు చూసుకుంటారు, నువ్వు అలా కూర్చుంటే చాలు."

మంచికే అన్నాడు పాపం. అనడం మాత్రం కుర్చీకి చెప్పినట్టు అన్నాడు.

"అలా కూర్చోవడానికి నేనేమైనా నీ షాపులో గోడకి తగిలించే గిటారునా?"

"గిటారైతే నయం, తీగ వదులు చేస్తే శబ్దం తగ్గుతుంది."

ఆ మాటతో ఇద్దరికీ మాటలు పోయాయి. పోయాయి అంటే, వాళ్ల మధ్య మాటలన్నీ టీ బండివాడి నోటి గుండా నడిచాయి. ముగ్గురూ పది అడుగుల దూరంలో ఉంటారు, ఎవరి మాట అయినా అందరికీ వినిపిస్తుంది, అయినా టీ బండివాడు మధ్యలో లేకుండా ఒక్క ముక్క దాటేది కాదు.

"ఒరేయ్, ఆ మెట్ల కింద ఆవిడకి చెప్పు. మబ్బు పట్టింది, గుమ్మంలో గిటారు లోపల పెట్టుకోమను."

"అక్కా, మబ్బు పట్టిందట."

"వాన పెద్దషాపుల వాళ్లకి ముందుగా కబురు పెట్టి వస్తుందేమో, కనుక్కో."

"అన్నా, కబురు..."

"వినపడింది లేరా, నాకేం చెవుడు లేదు. టీ ఇటివ్వు."

ఆవిడ గిటారును లోపల పెట్టేది. అతను చూసి, చూడనట్టు అటు తిరిగేవాడు.

మాటలు పోయిన ఆ రోజుల్లోనే ఫోర్కు కూడా పోయింది. ఒక పొద్దున మోకాలికి తాటిస్తుంటే చెయ్యి జారి, గుమ్మం ముందు మురుగు కాలవ జాలీలోంచి కిందికి పడిపోయింది. చీపురుపుల్లకు అయస్కాంతం కట్టి వెతికింది. బాటిల్ మూతలు దొరికాయి, ఎవరిదో తాళంచెవి దొరికింది, ఫోర్కు దొరకలేదు. ఇంకొకటి కొనుక్కోవచ్చు. కానీ ఫోర్కులు అమ్మేది పెద్దషాపు ఒక్కటే, అక్కడ అడుగుపెట్టేది లేదు. ఇంకెవరినైనా తెచ్చిపెట్టమంటే, వీధికి స్వరం ఇచ్చే మనిషి ఫోర్కు పారేసుకుందని పొద్దుగూకేలోగా అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఆవిడ తీగకు ఎవడు పలుకుతాడు?

అందుకని ఆవిడ ఉత్త మోకాలిని తాటించడం మొదలుపెట్టింది. చేతిలో ఏదో ఉన్నట్టు వేళ్లు మడిచి తాటించి, పాత గిటారు నిన్న ఎక్కడ ఉందో అక్కడే మీటేది. దాని తీగ పాతబడితే, నిన్న కలిపిన ఇంకో గిటారును విని కొత్త తీగ కలిపేది. తీగకు ఒక దుర్గుణం ఉంది, ఎంత బిగించినా మర్నాటికి వెంట్రుకవాసి సడలుతుంది. ఆ సడలింది ఎవరి చెవికీ అందదు. ఆవిడ చెవికీ అందలేదు. ఆవిడ చెవిలో ఉన్నది కూడా నిన్నటి స్వరమే కదా.

ఆ వీధికి గొప్ప పేరు వచ్చింది. అక్కడి గిటార్ల గొంతులో ఏదో లోతు ఉంటుంది, ఇంకెక్కడ కొన్నా ఆ బరువు రాదు అనేవాళ్లు. చెక్క మహిమ అన్నారు కొందరు. ఇరుకు వీధిలో గాలి మహిమ అన్నారు ఇంకొందరు. దూరదూరాల నుంచి వచ్చి, కళ్లు మూసుకుని, ఒక తీగ మీటి, మెచ్చుకోలుగా తల ఊపుతూ కొనుక్కుపోయేవాళ్లు. తీగలక్క ఆ తలలు ఊపడం చూసి లోపల్లోపల పొంగిపోయేది.

తర్వాత జనం తగ్గారు. వచ్చినవాళ్లు కూడా గిటారును దింపించి, ఒళ్లో పెట్టుకుని, రెండు పాటలు వాయించి, ఫోన్‌తో ఫొటో తీసుకుని, "ఇంట్లో అడిగి చెప్తాం" అనేవాళ్లు. ఇంట్లో ఎవరినీ అడగరు. మలుపు తిరగకముందే అదే గిటారును ఫోన్‌లో చవగ్గా తెప్పించుకుంటారు. ముందు మూలషాపు పోయింది, దాని స్థానంలో ఫోన్ కవర్ల వాడు వచ్చాడు. ఇంకో షాపులో కళ్లజోళ్లు. ఎవరో అన్నదమ్ములు నడిపిన షాపులో రక్తపరీక్షల వాళ్లు తెల్లకోట్లు వేసుకుని కూర్చున్నారు. పొద్దుటి స్వరం నడిచే దారిలో మెట్లు విరిగిపోయినట్టు అక్కడక్కడ ఖాళీలు పడ్డాయి. ఒకడు మీటితే తర్వాతివాడు ఎక్కడో దూరంగా ఉంటాడు, అతనికి అందదు. స్వరం వీధి చివరిదాకా వెళ్లడం మానేసింది. తర్వాత సగందాకా వెళ్లడం మానేసింది. చివరికి ఆవిడ మీటడం, ఎదురుషాపులో మరిది పలకడం, అంతే. స్వరం అంతవరకే వీధి దాటి తిరిగి వచ్చేది.

అయినా పలికేది కదా. ఆవిడకు అది చాలు. జ్వరంగా ఉన్న పొద్దున కూడా శాలువా కప్పుకుని వచ్చి కూర్చునేది, ఆవిడ మీటకపోతే అతను పలకడానికి ఏమీ ఉండదని. అతను జవాబు ఇవ్వడం కాస్త ఆలస్యమైతే గోరు తీగ మీదే ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం టీ బండివాడు గ్లాసు కిందపెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఏంటిరా, కాళ్లకు జిగురంటుకుందా?"

"అక్కా, అన్న షాపు ఇచ్చేస్తున్నాడు. చెప్పుల షాపు వాళ్లకి. మోకాళ్లు పట్టేశాయట, కూతురి దగ్గరికి వెళ్లిపోతాడట."

తీగలక్క చేతిలో తీగ చుట్ట విడిపోయి బల్ల మీద పాములా లేచింది. దాన్ని మళ్లీ చుట్టింది.

"ఎప్పుడట?"

"ఈ వారంలోనే లారీ వస్తుంది. నిన్న నాతో అన్నాడు, మీతో చెప్పమని చెప్పలేదు. అందుకే చెప్తున్నా."

"చెప్పమనని మాట ఎందుకు మోశావు?"

"చెప్పమన్నవి మోసీ మోసీ అలవాటైపోయింది."

ఆవిడ ఆ రోజంతా ఎదురుషాపు వైపు చూడలేదు. వెళ్లొద్దని అనాలి. ఎలా అనాలి? ఇన్నేళ్లలో అతనితో నేరుగా అన్న మాట ఒక్కటి లేదు, మొదటిమాటే అలాంటిదా? టీ బండివాడితో చెప్పి పంపడానికి అది గిటారు, వాన సంగతి కాదు. కొట్టులో ఒక్కతే కూర్చుని, తీగలు బిగించే బిరడాలకు నూనె రాస్తూ, లోపల్లోపల మాటలు కూర్చుకుంది. "ఏమయ్యా, వెళ్లక తప్పదా?" బాగుంది గానీ బతిమాలినట్టుంది. "వెళ్తే వెళ్లు" అనుకుంది. అది మరీ అబద్ధం.

ఇంతలో పియానో టీచరు వచ్చిపడింది. ముందురోజే గిటారుకు తీగలు మార్పించుకుని వెళ్లిన మనిషి.

"ఏంటండీ ఇది, నా పియానోతో కలిసి చావట్లేదు! బళ్లో పిల్లలందరి ముందూ పిల్లి, కుక్క కొట్టుకున్నట్టు అయింది."

"మీ పియానో తప్పిందేమో చూసుకోండి. ఇది వీధి స్వరం. తప్పదు."

టీచరు ఫోన్ తీసి, స్వరం కొలిచే యాప్ తెరిచి, బల్ల మీద పెట్టి ఐదో తీగ మీటింది. ఫోన్ తెర మీద ముల్లు ఒకటి నిటారుగా నిలబడాల్సింది పోయి ఎడమపక్కకు వాలి పడుకుంది. "చూశారా? దాదాపు ఒక ఫ్రెట్ అంత, ఒక మెట్టు కిందకి ఉంది." తీగలక్క గోడ మీద ఇంకో గిటారు దింపింది. ముల్లు అలాగే వాలింది. ఇంకొకటి. చివరికి గుమ్మంలోని పాత గిటారు తెచ్చింది. ముల్లు అన్నిటికంటే హాయిగా అక్కడే పడుకుంది.

టీచరుది మంచి మనసు. తనే బిగించుకుంటానని చెప్పి, గొడవ చేయకుండా వెళ్లిపోయింది.

తీగలక్క బల్ల ముందు కూర్చుండిపోయింది. వీధి మొత్తాన్ని ఇన్నేళ్లు తనే కిందికి దించింది. ఆ లోతు, ఆ బరువు, కళ్లు మూసుకుని తలలు ఊపడం, అంతా మురుగు కాలవలో పడ్డ ఒక ఉక్కు ముక్క పుణ్యం. షాపులు పోవడానికి కూడా ఇదే కారణమేమో. తన తప్పు స్వరానికి కలుపుకుని, పాపం, అంతా మునిగారేమో. అలాంటి మనిషి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లొద్దని అడుగుతుంది?

ఆవిడ లేచింది. వీధి దాటింది. ఇన్నేళ్లకు మొదటిసారి దాటడం. టీ బండివాడు చేతిలో జల్లెడతో అలాగే నిలబడి, టీ పక్కవాడి కాలి మీద పోశాడు.

పెద్దషాపు సగం ఖాళీ అయింది. గోడల మీద గిటార్లు ఉండాల్సిన చోట వాటి ఆకారంలో తెల్లటి మచ్చలు. మరిది నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడు. ఆవిడను చూసి టేపు పళ్లతో కొరకబోతూ ఆగాడు.

"ఏమయ్యా" అంది ఆవిడ. కూర్చుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది.

"టీ వాడు రాలేదా?"

"వాడితో చెప్పే మాట కాదు. నా స్వరం తప్పు. ఎన్నో ఏళ్ల నుంచి తప్పు. ఫోర్కు కాలవలో పడిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వీధంతా కిందకి పోయింది, నా వల్ల."

అతను టేపు కొరికి, పెట్టెకు అంటించి, చేత్తో రుద్దాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మోకాలికి ఏమీ లేకుండా తాటించడం ఎదురుగా కూర్చున్నవాడికి కనపడదా వదినా? పైగా స్వరం చూసే మిషన్లు అమ్మేది నేను. మొదటిది వచ్చిన రోజే పెట్టి చూశాను."

"మరి వీధిలో ఇంకెవరికైనా..."

"అందరికీ తెలుసు. తెలియంది నీకొక్కదానికే."

ఆవిడకు కూర్చోవాలనిపించింది. కుర్చీలన్నీ కట్టేసి ఉన్నాయి. అట్టపెట్టె మీదే కూర్చుంది.

"చెప్పొచ్చుగా!"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పడానికి."

"టీ వాడితో చెప్పి పంపకపోయావా?"

"వాడితోనా? 'అక్కా, మీ స్వరం చచ్చిందట' అని వీధి మధ్యలో అరుస్తాడు." అతను కాసేపు టేపు కొస కోసం గోటితో వెతికాడు. "ఇంకో సంగతి, దయాగియా అనుకోకు. లోతు లోతు అని జనం ఎగబడుతుంటే ఎవడు పైకి బిగిస్తాడు? వ్యాపారం."

"ఎగబడ్డం మానేసి చాలా ఏళ్లయిందిగా. మరి అప్పుడు కూడా నీ తీగ ఎందుకు దించావు? రోజూ?"

 టేపు కొస దొరికింది కాబోలు, అతను ఇంకో పెట్టె లాక్కున్నాడు. ఖాళీ షాపులో టేపు చప్పుడు చాలా పెద్దగా వినిపించింది.

"వెళ్లక తప్పదా?" అంది ఆవిడ, బతిమాలినట్టే.

"తాళం ఇచ్చేశాను వదినా. మెట్లెక్కలేకపోతున్నా. నువ్వూ రారాదూ? అమ్మాయి ఇంట్లో ఇంకో గది ఉంది. కుర్చీ వేయిస్తానని అననులే ఈసారి."

"అక్కడ నాకోసం తీగలెవరు తెంపుతారు?"

అతను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది.  పోగేసుకున్న మాటలు చాలా ఉండే ఉంటాయి, కానీ టీ బండివాడు లేకుండా వాటిని ఎటునుంచి మొదలుపెట్టాలో ఇద్దరికీ అలవాటు తప్పింది.

గుమ్మం దగ్గరికి వెళ్లి ఆవిడ వెనక్కి తిరిగింది. "ఒక్కటి వదిలేసి వెళ్లు. ఆ గోడకి. ఊరికే, అలా ఉంటుంది."

"చెప్పుల షాపులో గిటారెందుకు వదినా?"

నిజమే. ఎందుకు?

మర్నాడు పొద్దున ఆవిడ మీటింది. అతను పలికాడు, ఎప్పటిలాగే దించి. సాయంత్రం వీధి మలుపు దగ్గరికి లారీ వచ్చింది. వెళ్తూ వెళ్తూ అతను ఒక చిన్న అట్టపెట్టెను ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్లాడు, స్వరం చూసే మిషను. ఇప్పుడు ఆవిడ గిటార్లన్నీ దాంతోనే కలుపుతుంది. పియానో టీచరు వచ్చి మెచ్చుకుని వెళ్లింది. పనిలో వంక పెట్టడానికి లేదు.

పొద్దున మాత్రం మిషనును సొరుగులో పెట్టి మూసేస్తుంది. పాత గిటారు ఐదో తీగను కిందికి, ఆ పాత చోటుకి వదులు చేసి, గుమ్మంలో కూర్చుని మీటుతుంది. గోడ మీది గిటార్లు ఇప్పుడు సరైన స్వరంలో ఉన్నాయి, అందుకని అవి కూడా పలకవు. ఎదురుగా చెప్పుల షాపువాడు షట్టరు పైకి తోస్తాడు, జత జతగా చెప్పులు బయటికి పేరుస్తాడు. "పొద్దున్నే పాటా అక్కా?" అని ఒకసారి అడిగాడు. "తీగ చూస్తున్నా" అంది. ఒక స్వరం వీధి చివరిదాకా వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆవిడ కూర్చుంటుంది. తర్వాత లేచి లోపలికి వెళ్తుంది.

ఈ కథను ఆవిడకు మొత్తం చదివి వినిపిస్తే, చేతిలో ఉన్న తీగను బిరడాకు చుట్టడం ఆపకుండా విన్నది. చుట్టి, మిగిలిన కొస కత్తిరించి, అది ఎక్కడ పడిందో వంగి చూసి ఏరుకుంది.

"అంతా అబద్ధం" అంది. "ఆ వీధిలో పొద్దున్నే ఎవరూ ఏమీ మీటలేదు. నా స్వరం ఏనాడూ తప్పలేదు. మరిదెవరు? నాకసలు మరిదే లేడు."